ఎర్రగడ్డ సముద్రం

పోయిన నెల ఒక సినిమా కోసం గోదావరి సముద్రంలో కలిసే చోటికి అలల చప్పుడు రికార్డు చెయ్యడానికి వెళ్లాను. మా దగ్గరున్న టేపుల్లో ఉన్నవన్నీ రాళ్లకు కొట్టుకుని విరిగే అలలు. దర్శకుడికి ఇసక మీద మెల్లగా సాగి, మెల్లగా వెనక్కి పోయే అల కావాలట. సరేనని టేప్ రికార్డరు భుజాన వేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నీళ్ల మధ్యకు నాలుకలా సాగిన ఇసక మీద నిలబడ్డాను. గాలి ఎటునుంచి వీస్తోంది, మైకు ఎంత ఎత్తున ఉండాలి, అలకీ అలకీ మధ్య ఎంత ఎడం వస్తోంది: ఆ కాసేపూ నా లోకం ఇంతే.

ఉన్నట్టుండి హెడ్‌ఫోన్లలో ఒక ఆడమనిషి గొంతు పగిలింది.

"బాబూ! మేట దిగిపొండి! పోటొచ్చేస్తంది! దిబ్బెక్కండి, దిబ్బెక్కండి!"

ఆలోచించలేదు. వెనక్కి తిరిగి పరుగు తీశాను. మేటంటే నేను నిలబడ్డ ఇసక. పోటంటే సముద్రం పైకి రావడం. దిబ్బంటే సరుగుడు తోట ముందున్న ఎత్తు. ఇవన్నీ నా బుర్ర కంటే ముందు నా కాళ్లకు తెలిశాయి. మోకాళ్ల లోతు నీళ్లు తోసుకుంటూ వచ్చి, దిబ్బెక్కి వెనక్కి చూస్తే, నేను నిలబడ్డ చోటు లేదు. నీళ్లున్నాయి.

ప్యాంటు తడిసి కాళ్లకు అంటుకుపోయింది. అయినా నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ కేక నేనింతకు ముందే విన్నాను. కొన్నేళ్ల కిందట, ఫిల్మ్ నగర్‌లో, నాలుగు గోడల మధ్య, ఇవే మాటలు. అవి రాసిన మనిషి సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనది హైదరాబాదులోని ఎర్రగడ్డ.

*

ఎనభైల చివర నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా పూర్తి చేసి, విశాఖపట్నం నుంచి వచ్చి, ఫిల్మ్ నగర్‌లోని ఒక డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ అసిస్టెంటుగా చేరాను. అప్పటికి ఫిల్మ్ నగర్ అంటే సగం ఇళ్లు, సగం బండరాళ్లు. జూబ్లీహిల్స్ వైపు నుంచి ఏటవాలుగా దిగే రోడ్డు, ఆ రోడ్డు చివర మా థియేటర్ గేటు. ఆ ఎర్రగడ్డ ఆయన తన స్కూటరును ఎప్పుడూ ఆ వాలుకు పైనే నిలిపేవాడు. కిక్కు కొడితే కదిలే బండి కాదది. పల్లానికి దొర్లిస్తేనే స్టార్టయ్యేది.

ఆయన డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసేవాడు. రాసేవాడే కానీ, తెర మీద పేరు మాత్రం ఎప్పుడూ ఇంకొకరిది పడేది. తెల్ల చొక్కా, మెడ వెనక కాలరు కింద మడిచి పెట్టిన రుమాలు, ముక్కు చివర కళ్లద్దాలు. నోట్లో ఎప్పుడూ సోంపు. తన పని గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమాత్రం మొహమాటపడేవాడు కాదు.

"నా డైలాగు పెదాలకు అతుకుతది ఇంజనీరూ. పోస్టాఫీసు స్టాంపు లెక్క!"

నేను ఇంజనీరును కాదు, డిప్లొమా వాణ్ని అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "తీగలు కలిపేటోడు ఇంజనీరే," అనేవాడు.

మా ఊరు విశాఖపట్నం అని చెప్పిన రోజున ఆయన నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"సముద్రం పక్కనా! జల్ది చెప్పు, ఒడ్డును మీ దిక్కు ఏమంటరు?"

"బీచ్ అంటామండి."

చెయ్యి తీసేశాడు.

"సముద్రం తలాపున పండుకోని బీచ్ అంటవేందయ్యా! ఇంగ్లీషోడు వచ్చి ఇసక పోసి పోయిండా?"

నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయేలోపు ఆయనే తల అడ్డంగా ఊపి, "కాదు, కాదు. నేనే తప్పడిగిన. మాట అడిగితే మాట రాదు. పని అడగాలె," అని, గొంతు మార్చి మెల్లగా అడిగాడు. "చిన్నప్పుడు సముద్రంల దిగేటప్పుడు చెప్పులు ఏడ విడిచేటోనివి?"

"తిన్నె మీద," అన్నాను.

అని, నేనే ఆశ్చర్యపోయాను. ఆ మాట నేను వాడి ఎన్నేళ్లయిందో! 'తిన్నె మీద పెట్టండ్రా, కింద పెడితే అల అట్టుకుపోతాది' అని మా నాయనమ్మ అరిచేది. ఇసక తిన్నె. బీచ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డ ఇన్నేళ్లలో అది నాలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

ఆయన మొహం లైటు వేసినట్టు వెలిగింది. "సూడు! వచ్చింది! నీ కాళ్లల్లకెళ్లి వచ్చింది!"

అదీ ఆయన పద్ధతి. ఫిల్మ్ నగర్‌కు కోస్తా నుంచి రాని మనిషంటూ లేడు కదా! డ్రైవర్లు, లైటు మోసేవాళ్లు, మేకప్ వాళ్లు, వేషాల కోసం తిరిగే కుర్రాళ్లు. టీ బండి దగ్గర ఎవరు దొరికినా వాళ్లను ఆపి పనులు అడిగేవాడు. పడవ ఏడ ఎక్కిస్తరు? చేపలు ఏడ ఎండేస్తరు? పడవలు వచ్చేదాకా ఆడోళ్లు ఏడ కూసుంటరు? ఉప్పు ఏడ పండిస్తరు? జవాబు చెప్పినవాడికి టీ తనదే. టీ బండి అతను నవ్వేవాడు. "రైటర్ సాబ్ దుకాణం పెట్టిండు. ఎవలన్న సముద్రం అమ్మేటోళ్లున్నరా?"

ఆ మాటలను ఆయన కాగితం మీద పెట్టేవాడు కాదు. రోడ్డు మీద పెట్టేవాడు. నిజంగానే. మా థియేటర్ గేటు సముద్రం. గేటు నుంచి పైకి ఎక్కే వాలంతా సముద్రపు ఒడ్డు. గేటు ముందు పైపు కారి ఎప్పుడూ తడిగా ఉండే చోటు, అల వచ్చి పోయే ఇసక. పక్కన మురుగు కాలవ రోడ్డును కోసే దగ్గర మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. ఆ మొగ దగ్గర వాన కొట్టుకొచ్చి పోసిన మట్టి, మేట. టీ బండి రేవు, పడవలు ఆగే చోటు. దాని పైన ట్రాన్స్‌ఫార్మరు పక్కన గుండ్రంగా ఉన్న పెద్ద బండరాయి దిబ్బ. దిబ్బ దాటాక ముళ్లపొదల ఖాళీ స్థలం పర్ర, ఉప్పు చేరి గడ్డి కూడా సరిగా మొలవని నేల.

మొదటిసారి నన్ను నడిపించినప్పుడు పిచ్చి అనుకున్నాను. రెండోసారి నేనే ముందు నడిచాను. నాకు జాబితాలంటే ఇష్టం. ఏ వస్తువునైనా వరసలో పెడితే తప్ప నాకు అర్థం కాదు. కానీ కాళ్లతో నడవగలిగే జాబితాను అంతకు ముందు చూడలేదు. భోజనం తరవాత మేమిద్దరం గేటు నుంచి పైకి మాటలు చెప్పుకుంటూ ఎక్కేవాళ్లం, మాటలు చెప్పుకుంటూ దిగేవాళ్లం. స్టూడియో వ్యాను హారను కొడితే, "జర ఆగు భాయ్, పోటు మీదున్నది!" అని అరిచేవాడు.

ఆ వాలులో ఒక్క చోట మాత్రం ఆగి, కాలితో నేల గీకేవాడు. టీ బండికీ ట్రాన్స్‌ఫార్మరుకీ మధ్య.

"గీడ ఒకటి తక్వున్నది ఇంజనీరూ. అల మస్తుగ పైకి వచ్చి, ఇగ నాతోని కాదని ఆగుతది గదా? గాడ ఒక గీత పడతది. పుల్లలు, నాచు, గవ్వలు. గా గీతకు పేరుంటది. ఎవ్వడు చెప్తలేడు."

"మీరు సముద్రం చూళ్లేదు కదా గురువుగారూ, గీత పడుతుందని ఎలా తెలుసు?"

"బకీట్ల నీళ్లు వాకిట్ల కుమ్మరిస్తే చివరన గీత పడతలేదా? సముద్రమైతేంది, నీళ్లే గద!"

నిఘంటువులో చెలియలికట్ట అని ఉందట. సముద్రం దాటని హద్దు. "మంచి మాటే. కానీ గది పుస్తకంలకెళ్లి వచ్చింది. నాకు నోట్లెకెళ్లి రావాలె," అనేవాడు. ఆ జాగా ఖాళీగానే ఉండిపోయింది.

ఆయన మాట్లాడేది ఎర్రగడ్డ భాష. రాసేది కోస్తా భాష. ఎందుకలా అని అడిగితే, "గది అంగీ, గిది తోలు. అంగీ మంచిగ కుట్టేటోనికి తోలు ఏ ఊరిదైతేంది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంటూ ఉండేదని నాకు తరవాత తెలిసింది.

*

ఒక మలయాళం సినిమా వచ్చింది. మొదటినుంచి చివరిదాకా సముద్రమే. నిర్మాత నర్సాపురం వైపు ఆయన. ముందు వేరే పేరున్న రచయిత చేత రాయించాడు. కథలో ముఖ్యమైన చోట, కొడుకు ఏటి మొగలో ఇసక మీద పడుకుని నిద్రపోతుంటాడు. సముద్రం పొంగుతూ ఉంటుంది. దూరం నుంచి చూసిన తల్లి కేక వేస్తుంది. ఆ రచయిత ఎక్కడ నేల కనిపించినా ఒడ్డు అనే రాశాడు. దాంతో మైకు ముందు ఆ తల్లి ఇలా అరిచింది:

"ఒడ్డు వదిలెయ్యరా! ఒడ్డుకి వచ్చెయ్యరా!"

గొంతు ఇచ్చే ఆవిడ చెప్పలేక నవ్వేసింది. మేం నవ్వాం. తెర మీద తల్లి ఏడుస్తోంది, థియేటర్లో అందరం పొట్ట పట్టుకుంటున్నాం. నిర్మాత ఒక్కడే నవ్వలేదు. మర్నాడు మా ఎర్రగడ్డ ఆయన్ని పిలిపించారు.

"మాటలు మార్చిపెట్టండి. డబ్బు ఇస్తాను," అన్నాడు నిర్మాత.

"పేరు?" అన్నాడు ఆయన.

నిర్మాత నవ్వాడు. "ఏవండీ, మీరు సముద్రం చూశారా అసలు?"

"లేదు."

"సముద్రం సినిమాకి మీ పేరేస్తే మా ఊళ్లో నా పరువేం కావాలండీ? ఎర్రగడ్డలో సముద్రం ఎక్కడుందండీ బాబూ?"

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఆయన సోంపు నమలడం ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఎప్పుడూ లేనిది ఆయన అంగీ భాషలో మాట్లాడటం విన్నాను. "మీ ఊళ్లో సముద్రం పక్కన పుట్టినవాళ్లు ఎవరైనా ఉంటే పిలిపించండి. సినిమా చూపించండి. నా మాటలు విని వాళ్లు నవ్వితే నాకు డబ్బు కూడా వద్దు. నవ్వకపోతే నా పేరు వెయ్యాలి. పెద్దక్షరాలతో వెయ్యాలి."

"మా అమ్మ వస్తోందండీ వచ్చే నెల. ఆవిడ పుట్టిల్లు సముద్రానికి ఇంత దూరం," అని నిర్మాత చెయ్యి చాపి గోడ చూపించాడు. "ఆవిడ నవ్విందా, ఇక మాట్లాడకూడదు."

"మంజూర్," అన్నాడు ఆయన.

ఆ నెల రోజులూ పండగే. డబ్బింగులో సన్నివేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి చక్రంలా తిప్పుతారు. దాన్ని లూపు అంటారు. బొమ్మ అదే మళ్లీ మళ్లీ వస్తూంటుంది, పెదాలకు సరిపోయేదాకా మాట మారుస్తూంటాం. తల్లి కేక లూపు తిరుగుతూంటే ఆయన స్పీకరు కట్టేయించి, తెరకు దగ్గరగా వెళ్లి, తన బొటనవేలినీ చూపుడువేలినీ ఆమె పెదాల్లా మూస్తూ తెరుస్తూ నిలబడ్డాడు.

"మొదట పెదాలు మూసుకున్నయ్. తర్వాత నోరు తెరిచింది. మధ్యల మళ్ల మళ్ల మూసుకున్నయ్. ఇంజనీరూ, మూసుకునే దానికి ఏమున్నయ్?"

"ప, బ, మ," అన్నాను.

"కొడుకు ఏడున్నడు?"

కళ్లు మూసుకుని వాలు గుర్తు చేసుకున్నాను. మురుగు కాలవ. వాన పోసిన మట్టి. "మేట మీద!"

"ఏడికి రావాలె?"

బండరాయి. "దిబ్బ మీదికి!"

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మేటలో మొదటి పెదవి. పోటులో, దిబ్బలో మధ్య పెదాలు. నేల దొరికింది, పెదాలూ దొరికాయి. మైకు ముందున్న ఆవిడ ఒక్క ఊపులో చెప్పేసింది: "మేట దిగరా! పోటొచ్చేస్తంది! దిబ్బెక్కరా, దిబ్బెక్కు!" ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన మాత్రం చప్పట్లు కొట్టి, "స్టాంపు! పోస్టాఫీసు స్టాంపు!" అని ఎగిరాడు.

*

నిర్మాత తల్లి వచ్చింది. తెల్ల జుట్టు, చేతిలో పొగాకు సంచీ. మధ్య వరసలో కూర్చోబెట్టారు. ఆయన ఆవిడ వెనక వరసలో కూర్చున్నాడు, తెర కాక ఆవిడ జడముడి చూస్తూ.

మొదటి రీలు సగంలో ఆవిడ ఫక్కున నవ్వింది.

కాసేపటికి మళ్లీ నవ్వింది. ఈసారి తెర మీది కథానాయికను చూపిస్తూ, కొడుకు మోచెయ్యి పట్టుకుని ఊపుతూ.

"ఒరే అబ్బాయ్, ఈ పిల్లదేవూర్రా? పొద్దున్న బీల అంది, అది సిక్కోలోళ్ల మాట. మన పక్కింటి కోడలు అనేది. మధ్యాన్నం ఉప్పు కయ్య అంది, అది నెల్లూరు. సాయంత్రానికి పర్ర అంటంది, మనూరొచ్చేసింది! ఒక్క పూటలో అంత దూరం ఏ బస్సెక్కిందిరా?"

నిర్మాత వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు. ఆ చూపులో పందెం ముగిసింది.

నిజమే మరి. చిత్తడి నేలకు సోంపేట డ్రైవరు చెప్పిన మాటా, ఉప్పు పండే మడికి నెల్లూరు లైటు మనిషి చెప్పిన మాటా, అందరి మాటలూ ప్రేమగా తెచ్చి ఆ ఒక్క పిల్ల నోట్లోనే పెట్టాడు. మా వాలులో అవన్నీ పక్కపక్కనే ఉండేవి కాబట్టి నాకూ తట్టలేదు. ఫిల్మ్ నగర్‌లో టీ బండి దగ్గర నిలబడితే శ్రీకాకుళానికీ నెల్లూరుకీ మధ్య దూరం లేదు.

ఆయన మొహం చూడటానికి భయపడుతూ చూశాను. ఆయన లేచి నిలబడి ఉన్నాడు. ఓడిపోయిన మనిషిలా లేడు. వరస దాటి, కుర్చీల మీదుగా వంగి, ఆవిడ చెవి దగ్గర అడుగుతున్నాడు.

"అమ్మా, అయితే ఉప్పు పండేదాన్ని మీ దిక్కు ఏమంటరు?"

"ఉప్పు మడి అంటాం బాబూ. నువ్వెవరు?"

"మరి బీల లేదా మీకు?"

"మాకెందుకుంటది? ఉండవయ్యా, సినిమా చూడనీ!"

కూర్చున్నాడు. తొమ్మిదో రీలు వచ్చింది. కొడుకు నిద్రపోతున్నాడు. నీళ్లు చుట్టూ చేరుతున్నాయి. తల్లి కేక వేసింది.

"మేట దిగరా! పోటొచ్చేస్తంది!"

నిర్మాత తల్లి కుర్చీలోంచి లేచింది. పొగాకు సంచీ కింద పడింది. తెర వైపు చెయ్యి చాపి, తెర మీద తల్లి కంటే పెద్దగా అరిచింది:

"దిబ్బెక్కరా సచ్చినోడా! వెనకమాల చూడు, వెనకమాల!"

కుర్రాడు లేచాడు. పరిగెత్తాడు. దిబ్బెక్కాడు. ఆవిడ కూలబడి చెంగుతో మొహం తుడుచుకుంది.

లైట్లు వెలిగాయి. నిర్మాత గొంతు సవరించుకుని, "అమ్మా, నువ్వు నవ్వితే ఈయన పేరు వెయ్యనని పందెం," అన్నాడు.

"నవ్వాను. నవ్వనా మరి! నాలుగు రేవులు ఒక నోట్లో పెడితే?" ఆవిడ ముక్కు చీదింది. "మరి అరిచిందెవర్రా? ఏడిచిందెవరు? అది లెక్కలోకి రాదా నీకు? ఆ పిల్లని ఒక ఊళ్లో కాపరం పెట్టించి, ఆయన పేరెయ్యి."

ఆ తరవాత ఆవిడ తిరిగి ఊరు వెళ్లేదాకా రోజూ మా థియేటర్‌కు వచ్చింది. లూపులు తిరుగుతూంటే, "ఇది మాది. ఇది కాదు. ఇది మా మేనత్త వాళ్లది," అని ఏరుతూ కూర్చునేది. ఆయన పక్కన నిలబడి కొత్త మాట దొరికినప్పుడల్లా తొడ చరిచేవాడు. ఆ గీత గురించి కూడా అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "చిన్నప్పుడెప్పుడో ఏదో అనేవాళ్లం బాబూ, నోటి చివరే ఉంది," అంది. అది నోటి చివరే ఉండిపోయింది.

సినిమా విడుదలైన రోజు ఎర్రగడ్డ పక్కనే ఉన్న మోతీనగర్ నుంచి ఆయన చుట్టాలందరూ వచ్చారు. తెర మీద 'మాటలు' అని పడి, కింద ఆయన పేరు పెద్దక్షరాలతో పడింది. ఈలలు వేశారు. నేను పక్కకు చూస్తే ఆయన తెర చూడటం లేదు. వెనక్కి తిరిగి జనాన్ని చూస్తున్నాడు. "సదువుతున్నరా? పెదాలు కదులుతున్నయా?" అని అడిగాడు.

తరవాత చాలాసార్లు పిలిచాను. రండి గురువుగారూ, మా ఊరు తీసుకెళ్తాను, సముద్రం చూద్దురు గాని అని. "వస్త, వస్త. గా ఒక్క మాట దొరకనీ. అది లేకుంట పోతే గాడ కాలు పెట్టి తొక్కుతనేమో తెల్వక!" అనేవాడు. రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. స్కూటరును పల్లానికి దొర్లిస్తూండగానట.

*

దిబ్బ మీద నా పక్కన కేక వేసిన ఆవిడ నిలబడి ఉంది. నడివయసు మనిషి, తల మీద ఖాళీ చేపల గంప. "పోటేళకి మేట మీదేం పని బాబూ?" అని తిడుతోంది. నేను టేప్ రికార్డరు తుడుచుకుంటూ కిందకి చూశాను. మా కాళ్లకు కాస్త కింద, పొడి ఇసక మీద ఒక గీత. పుల్లలు, నాచు, గవ్వలు, ఒక తెగిన చెప్పు. ఆయన చెప్పినట్టే. వాకిట్లో బకెట్ నీళ్లు కుమ్మరించినట్టే.

మాట అడగలేదు. పని అడిగాను.

"అమ్మా, పొద్దున్నే వచ్చి పుల్లలేరుకుంటారు కదా, ఎక్కడ ఏరుతారు?"

"ఇంకెక్కడ, ఎంగిలి మీద," అంది.

"ఏవిటీ?"

"ఎంగిలి బాబూ. సంద్రం ఎంగిలి. తిన్నంత తిని వదిలేసింది కదా, అదీ." గీత వైపు గడ్డంతో చూపించింది. "మా ఇంట్లో అలాగే అంటాం."

టీ బండికీ ట్రాన్స్‌ఫార్మరుకీ మధ్య! నేను గట్టిగా అరిచానేమో, ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. నవ్వుతూ, వణుకుతూ, వరసగా చెప్పుకుంటూ పోయాను. మొగ, మేట, రేవు, ఎంగిలి, దిబ్బ, పర్ర. ఒక్కటీ తప్పలేదు. ఆవిడ గంప దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"బస్తీ బాబులా ఉన్నారు, మా మాటలన్నీ వరసగా చెప్పేస్తన్నారే! ఎవరు నేర్పారు?"

ఆయన పేరు చెప్పాను. పెద్దక్షరాలతో చెప్పాను.

"ఏ ఊరాయనది?"

"ఎర్రగడ్డ."

ఆవిడ కళ్లు చిన్నవి చేసి, మొగ అవతలకి, ఒడ్డు వెంబడి నీలంగా కనిపిస్తున్న దూరపు చెట్ల వైపు చూసింది.

"ఎర్రగడ్డా? అంతర్వేది దాటాక వస్తది, ఆ రేవేనా?"

"అవునమ్మా," అన్నాను. "ఆ రేవే."